ఎత్తు గారికి, రెండో నీలగిరి నుంచి

శ్రీయుత ఎత్తు గారికి,

నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ, చెమట తుడుచుకుంటూ రాసుకుంటున్న అర్జీ.

మా ఊరి పాత పేరు నీలగిరి. పేపర్లవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు ‘నీలగిరి పట్టణం’ అనే రాస్తారు. అదే పేరున్న తమిళనాడు కొండలకు మీరు దొడ్డబెట్ట శిఖరం దగ్గర 2,637 మీటర్లు రాసిచ్చారు. మా వాటాకు వచ్చింది 400 చిల్లర. ఈ పంపకానికి పెద్దమనుషులుగా ఎవరు కూర్చున్నారండీ?

కిలోమీటరు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గిస్తారట. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి, ఎక్కిన గాలి వ్యాకోచించి చల్లబడుతుందట. ఆ లెక్కన దొడ్డబెట్టకూ మాకూ తేడా 14 డిగ్రీలు. నా కూలర్ కరెంటు బిల్లు మీకే పంపాలి.

చలి ఒక్కటే అయితే ఊరుకుందును. అక్కడి కొండ మడతల్లో షోలా అడవులు పెంచారు. పొట్టి చెట్లు, దళసరి ఆకులు, మొదళ్లకు స్వెట్టర్ తొడిగినట్టు నాచు. పక్క వాలు మీదేమో ఉత్త గడ్డి. బయట మొలిచిన చెట్ల మొక్కల్ని రాత్రి మంచు మాడ్చేస్తుంది, గడ్డి మాత్రం బతికిపోతుంది. ఆ గడ్డిలోనే పన్నెండేళ్లకోసారి నీలకురింజి పూలు. మరి మాకు? మొన్న లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కాను. బండ సందులో ఒక సీతాఫలం చెట్టు. ఆకులన్నీ రాలి, నిరుటి కాయ ఒకటి నల్లగా ఎండి కొమ్మకే వేలాడుతోంది. ఊతానికి చెయ్యి పెడితే బండ చుర్రుమంది. (సీతాఫలాన్ని ఏమీ అనను. అక్టోబర్‌లో దాని ముందు ఊటీ క్యారెట్ దిగదుడుపే.)

నల్లమలలోని అమ్రాబాద్ గుట్టలకు కాస్త పెట్టాం కదా అంటారేమో. నిజమే, మన్ననూర్ దాటి ఫరహాబాద్ వైపు పోతే రాత్రి దుప్పటి వెతుక్కుంటాం. కానీ మీరొచ్చారు గానీ వానను వెంట తేలేదు! నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే మూట దించుకుని, ఖాళీ సంచి ఊపుకుంటూ మా దాకా వస్తాయి. అందుకే ఇక్కడ నాచు లేదు. టేకు, నల్లమద్ది, వెదురు, తునికి. ఎండలు ముదిరేసరికి సగం అడవి ఆకు దులిపేసి, నీళ్లు పొదుపు చేసుకుంటూ నిలబడుతుంది.

ఆ నీలగిరి నుంచి మాకు అందినది ఒక్కటే: నీలగిరి చెట్టు. పోనీలే, వాటాలో ఇదన్నా దక్కిందని సంబరపడ్డాను. ఆరా తీస్తే దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా అట! అక్కడి కొండల మీద కూడా తెచ్చి నాటిందేనట.

కాబట్టి కొత్త పంపకం అడగను. మే నెల మట్టుకు ఒక వెయ్యి మీటర్లు చేబదులు ఇప్పించండి. మృగశిర కార్తె రాగానే తిరిగి ఇచ్చేస్తాను. వడ్డీ కింద ఒక గంప సీతాఫలాలు.

ఇట్లు,
నీలగిరి వాస్తవ్యుడు
(చల్లనిది కాదు, రెండోది)