వియత్నాంలో గైడ్ ఎక్కడ కావాలి?

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అమ్ముతున్న వియత్నాం ప్యాకేజీలు ఓ నాలుగు తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ధరలు మారతాయి, హోటళ్లు మారతాయి, తిరిగే దారి మాత్రం దాదాపు ఒక్కటే. హనోయిలో దిగడం, హాలాంగ్ బేలో పడవ, అక్కడి నుంచి విమానంలో దా నాంగ్, ఒక రోజంతా బా నా హిల్స్, ఒక సాయంత్రం హోయి ఆన్ లాంతర్లు, మళ్లీ విమానం, హోచిమిన్ సిటీ, కూ చి సొరంగాలు, బెన్ థాన్ మార్కెట్‌లో షాపింగ్, ఇంటికి. ఆరేడు రోజుల్లో అయిపోతుంది. వీటిలో చాలావాటి మీద ‘ఇంగ్లిష్ మాట్లాడే గైడ్‌తో’ అని కూడా రాసి ఉంటుంది.

ఆ గైడ్ మాట దగ్గరే నా అభ్యంతరం. గైడ్‌కు మనం డబ్బు కట్టేది కంటికి కనిపించని సంగతి చెబుతాడని. ఈ ప్యాకేజీలేమో చూడగానే అర్థమైపోయే చోట్లకు గైడ్‌ను తోడిచ్చి పంపుతున్నాయి. ఎవరైనా పక్కన నిలబడి చెబితే తప్ప పాత ఇటుకల కుప్పలా కనిపించే చోట్లను మాత్రం దాటేస్తున్నాయి.

బా నా హిల్స్ సంగతే చూడండి. ఫ్రెంచివాళ్లు వేసవి విడిదిగా వాడుకున్న కొండ అది. ఇప్పుడు కేబుల్ కార్లు, ఫ్రెంచి ఊరిలా కట్టిన వీధులు, ఆటల పార్కు ఉన్నాయి. రెండు పెద్ద చేతులు మోస్తున్నట్టు కనిపించే గోల్డెన్ బ్రిడ్జ్ 2018లో తెరిచారు. నాచు పట్టిన రాతి చేతుల్లా ఉంటాయి కానీ అవి ఫైబర్ గ్లాస్‌తో చేసినవి. పిల్లలు సంతోషిస్తారు, ఫొటోలు బాగా వస్తాయి, వెళ్లడంలో తప్పేమీ లేదు. అయితే అక్కడ గైడ్ చేయగలిగిందల్లా టికెట్లు తీసి, ఎన్ని గంటలకు బస్సు దగ్గరికి రావాలో చెప్పడమే.

హోయి ఆన్ నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య లోయలో మీసన్ ఉంది. నేను మొదటిసారి వెళ్లిన ప్యాకేజీలో ఆ పేరు కాగితం మీద ఉంది. సిల్కు దుకాణంలో గంటన్నర ఆలస్యం కావడంతో ‘టైమ్ లేదు, అక్కడ అన్నీ శిథిలాలే’ అని మా టూర్ మేనేజర్ దాన్ని కొట్టేశారు. బస్సులో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే అదేమిటో అప్పటికి నాకూ తెలియదు. రెండేళ్ల తర్వాత దాని కోసమే మళ్లీ వెళ్లాను.

చంపా అంటే ఒకప్పుడు మధ్య, దక్షిణ వియత్నాంలో చామ్ ప్రజలు ఏలిన రాజ్యం. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే చంపా రాజు మీసన్‌లో శివుడికి గుడి కట్టించి, తన పేరు కలిపి దేవుడిని భద్రేశ్వరుడన్నాడు. ఆ గుడి కాలిపోతే ఏడో శతాబ్దంలో శంభువర్మ మళ్లీ కట్టించాడు. దేవుడు శంభుభద్రేశ్వరుడయ్యాడు. ఆ తర్వాత వచ్చిన రాజులూ కట్టిస్తూనే పోయారు. శాసనాలు సంస్కృతంలోనూ చామ్ భాషలోనూ ఉంటాయి, తేదీలు మన శాసనాల్లో లాగే శక సంవత్సరాల్లో వేశారు. లింగం, పానవట్టం, అభిషేకం నీళ్లు పోయే తూము, అన్నీ మనకు తెలిసినవే. కట్టిన తీరు మాత్రం పూర్తిగా వాళ్లది. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం గీత కూడా కనిపించదు. వాటిని దేనితో అతికించారనే దానిపై నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చెట్టు జిగురని ఎక్కువమంది చెప్పే మాట.

ఫ్రెంచి పరిశోధకులు లెక్కపెట్టినప్పుడు అక్కడ 70కి పైగా కట్టడాలున్నాయి. ఇప్పుడు ఓ ఇరవై మిగిలాయి. అన్నింటిలోకీ గొప్పదైన గోపురం 1969 ఆగస్టులో అమెరికా బాంబులకు కూలిపోయింది. గుళ్ల మధ్య గుంతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, గడ్డి మొలిచి మామూలు పల్లాల్లా కనిపిస్తాయి. ఆ ఉదయం మా గైడ్ చెప్పకపోతే నేనూ వాటి పక్క నుంచే నడిచి వెళ్లిపోయేదాన్ని. చామ్ శిల్పాన్ని జీవితమంతా చదివిన ఫ్రెంచి పండితుడు ఫిలిప్ స్టెర్న్ ఈ గుళ్లను కాపాడమని అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం రాశాడట. 1980ల్లో కజిమియెజ్ క్వియాత్‌కోవ్‌స్కీ అనే పోలండ్ ఆర్కిటెక్టు వచ్చి, ఇంకా మందుపాతరలున్న ఆ లోయలోనే ఉండి గుళ్లను నిలబెట్టాడు. స్థానికులు ముద్దుగా కజిక్ అనేవారు. 1997లో హువే నగరంలో పనిచేస్తూ అక్కడే చనిపోయాడు. మీసన్‌కూ హోయి ఆన్‌కూ యునెస్కో గుర్తింపు వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు, 1999లో. హోయి ఆన్‌లో ఆయన విగ్రహం ఉంది, లాంతర్ల ఫొటోలు తీసుకుంటూ మనవాళ్లు దాని ముందు నుంచే వెళ్తారు. మన పురావస్తు శాఖ కూడా మీసన్‌లో కొన్ని గుళ్లను బాగుచేసింది. ఆ పనిలోనే 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. భారతీయుల గ్రూపు అనగానే కొందరు గైడ్లు ‘మీ శివుడు, మీ సంస్కృతి’ అని మొదలుపెడతారు. వినడానికి బాగుంటుంది, మనం చప్పట్లు కూడా కొడతాం. దాంతో చామ్ ప్రజలు కథలోంచి మాయమైపోతారు. వాళ్లు అంతరించిపోలేదు. 1471లో చంపా రాజధాని ‘విజయ’ వియత్నాం సేనల చేతిలో పడిపోయాక కూడా దక్షిణాన పాండురంగ అనే చిన్న రాజ్యం 1832 దాకా నిలిచింది. నేటి ఫాన్ రాంగ్ చుట్టుపక్కల హిందూ చామ్‌లు, ముస్లిం చామ్‌లు ఇద్దరూ ఉన్నారు. హిందూ చామ్‌లు శరదృతువులో కాటే పండగకు పో క్లాంగ్ గరాయ్ గోపురం దగ్గర చేరి దేవుడికి స్నానం చేయించి బట్టలు కడతారు. మీసన్‌లో మనం చూసేది వాళ్ల పూర్వీకుల గుడి. ఆ మాట చెప్పే గైడ్ దొరికితే వదులుకోకండి.

దా నాంగ్ నుంచి హువే వెళ్లే దారిదీ ఇదే కథ. గ్రూపు బస్సులు 2005లో తెరిచిన సొరంగంలోంచి పది నిమిషాల్లో కొండ దాటేస్తాయి. పైన హై వాన్ కనుమ ఉంది. ఒకవైపు సముద్రం, ఒకవైపు అడవి, సుమారు 20 కిలోమీటర్ల మలుపుల దారి. ఒకప్పుడు అది రెండు రాజ్యాల సరిహద్దు. 1306లో చంపా రాజు మూడో జయసింహవర్మ, వియత్నాం రాకుమారి హుయెన్ ట్రాన్‌ను పెళ్లాడాడు. అందుకు కన్యాశుల్కంగా ఈ కనుమకు ఉత్తరాన ఉన్న రెండు జిల్లాలు రాసిచ్చాడు. మరుసటి ఏడాదే రాజు చనిపోయాడు, రాకుమారిని వాళ్లవాళ్లు వెనక్కి తీసుకెళ్లారు, నేల మాత్రం తిరిగి రాలేదు. తర్వాత ఎప్పుడో ఆ నేల మీదే హువే రాజధాని అయింది. న్గుయెన్ రాజులు 1802 నుంచి అక్కడి నుంచే పాలించారు. చివరి చక్రవర్తి బావో దాయ్ 1945 ఆగస్టు 30న ఆ కోట వాకిట్లోనే రాజ్యం వదులుకున్నాడు. సొరంగంలోంచి పోయే బస్సులో ఇవేవీ చెప్పే వీలుండదు. పైగా చాలా ప్యాకేజీల్లో హువే ఊసే లేదు.

హాలాంగ్ బే గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. నీళ్లలోంచి లేచిన వందల సున్నపురాయి కొండలు, పొద్దున్నే పొగమంచు. అక్కడ కావలసింది వ్యాఖ్యానం కాదు, పడవలో ఒక రాత్రి నిద్ర. నాలుగు గంటల్లో తిప్పి తెచ్చే పడవ ఎక్కించే ప్యాకేజీ అయితే వద్దనండి.

యుద్ధం విషయంలో మాత్రం గైడ్ ఎవరన్నదాన్ని బట్టి యాత్రే మారిపోతుంది. వియత్నాం యుద్ధమని మనం అనేదాన్ని వాళ్లు అమెరికాతో యుద్ధం అంటారు. కూ చిలో అమెరికా సేనలతో పోరాడిన గెరిల్లాలు వాడిన సొరంగాలు నేల కింద 250 కిలోమీటర్ల దాకా ఉండేవని చెబుతారు. టూరిస్టులు ఓ ఇరవై ముప్పై మీటర్లు వంగుని నడిచి, పక్కనే ఉన్న షూటింగ్ రేంజ్‌లో డబ్బు కట్టి తుపాకీ పేల్చి వస్తారు. మనుషులు ఏళ్ల తరబడి దాక్కున్న చోట సరదాగా తుపాకీ పేలుస్తుంటే చూడడం నాకు బాధగా అనిపించింది. ఆ పూట హోచిమిన్ సిటీలోని యుద్ధ అవశేషాల మ్యూజియంలో గడిపితే అమెరికా విమానాలు చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విష రసాయనం ఏం చేసిందో, యుద్ధం ఫొటోలు తీసినవాళ్లలో ఎంతమంది అక్కడే చనిపోయారో తెలుస్తుంది. గైడ్లు ప్రభుత్వ లైసెన్సుతో పనిచేసేవాళ్లు, అధికారిక కథ దాటి చెప్పడం వాళ్లకు కష్టం. కానీ దక్షిణాదిలో చాలా కుటుంబాల్లో ఒకే ఇంటి అన్నదమ్ములు చెరో పక్కన పోరాడారు. గట్టిగా నిలదీయకుండా, బస్సు దిగాక పక్కన నడుస్తూ ‘మీ ఇంట్లో పెద్దవాళ్లు అప్పుడు ఎక్కడున్నారు’ అని అడిగి చూడండి. చెప్పేవాళ్లు చెబుతారు.

మనకూ ఆ చరిత్రలో ఒక పేజీ ఉంది, దాన్ని ఏ ప్యాకేజీ చెప్పదు. 1945 సెప్టెంబరులో సైగాన్‌లో, అంటే ఇప్పటి హోచిమిన్ సిటీలో దిగిన బ్రిటిష్ సేనలో పెద్ద భాగం భారతీయ సైనికులే. ఫ్రెంచివాళ్లు మళ్లీ గద్దెనెక్కడానికి ఆ సేన తోడ్పడింది. తర్వాత తరంలో మన ఊళ్లలో పిల్లలకు వియత్నాం స్వాతంత్ర్య పోరాట నాయకుడు హోచిమిన్ పేరు పెట్టుకున్నారు. ఈ రెండూ తెలుసుకుని వెళ్లిన తెలుగువాడు ఆ దేశాన్ని మామూలు టూరిస్టులా చూడలేడు.

టూర్ నడిపేవాళ్ల వాదన నాకు తెలుసు. ‘జనం అడిగేది ఫొటోలు, ఇండియన్ భోజనం, షాపింగ్. పెద్దవాళ్లు ఎండలో శిథిలాల చుట్టూ నడవలేరు’ అంటారు. రెండో మాటలో నిజం ఉంది. అందుకే మీసన్‌కు తెల్లారకముందే బయలుదేరి పది గంటలకల్లా వెనక్కి రావాలి. మొదటి మాట ఒప్పుకోను. జనానికి చూపించకుండానే జనం అడగడం లేదనడం సరికాదు. అసలు ఆరు రోజుల్లో మూడు నగరాలు ఎందుకు? ఏదో ఒక నగరం వదిలేసి హోయి ఆన్‌లో రెండు రాత్రులు, హువేలో రెండు రాత్రులు ఉంచితే విమానం టికెట్ డబ్బులు మిగులుతాయి, ఎయిర్‌పోర్టుల్లో పోయే పూటలూ మిగులుతాయి.

భోజనం టెన్షన్ కూడా సగం అనవసరం. శాకాహారాన్ని అక్కడ ‘చాయ్’ అంటారు. బౌద్ధులు పౌర్ణమికీ నెల మొదటి రోజుకూ మాంసం మానేస్తారు కాబట్టి ‘చాయ్’ హోటళ్లు ఊరూరా ఉంటాయి, హువే వాటికి పెట్టింది పేరు. మామూలు హోటల్లో కూరగాయలే తిన్నా చేపల సాస్ పడుతుందని గుర్తుంచుకుంటే చాలు. ఆవకాయ సీసా ఎలాగూ మన సూట్‌కేసులో ఉంటుంది.

ఇంకో సంగతి ప్యాకేజీ కాగితంలో కనిపించదు. దసరా, దీపావళి సెలవుల్లో మనకు ఎక్కువగా అమ్మేది ఈ యాత్రనే. సరిగ్గా అక్టోబరు, నవంబరుల్లోనే మధ్య వియత్నాంలో కుండపోత వానలు, హోయి ఆన్ వీధుల్లోకి నది నీళ్లు వస్తాయి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా మంచిది. అయితే టెట్ పండగ, అంటే వాళ్ల కొత్త సంవత్సరం రోజులు చూసుకోవాలి, అప్పుడు దుకాణాలు చాలావరకు మూసేస్తారు.

హోచిమిన్ సిటీలో చరిత్ర మ్యూజియం జంతుప్రదర్శనశాల పక్కనే ఉంది. 1911లో డాంగ్ జువాంగ్ అనే ఊళ్లో దొరికిన కంచు బుద్ధుడు అక్కడ ఉన్నాడు. నాలుగడుగుల ఎత్తున నిలుచున్న విగ్రహం, ఒక భుజం మీదుగా మడతలు మడతలుగా జారిన వస్త్రం. అది ఎక్కడ పోతపోసిందో పండితులు తేల్చలేదు, దక్షిణ భారతమనీ సింహళమనీ వాదాలున్నాయి. శైలిని మాత్రం అమరావతి శైలి అనే చాలాకాలంగా రాస్తున్నారు. కృష్ణ ఒడ్డున ఉన్న మన అమరావతి అది. చంపా రాజ్యంలో ఆ విగ్రహం దొరికిన ప్రాంతం పేరు కూడా అమరావతే. తిరుగు ప్రయాణం రోజు బెన్ థాన్ మార్కెట్‌లో వదిలేసే మూడు గంటల్లో ఒక గంట ఇక్కడికి చాలు. సోమవారం మ్యూజియానికి సెలవు, డబ్బు కట్టే ముందే తేదీలు చూసుకోండి.