'పడు' ఎక్కడికి పడాలి?

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా బాబాయి పంపారు, తర్వాత ఇంటర్ స్నేహితులు, నిన్న ఏకంగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకర్ల గొడవ మధ్యలో. సంగతి ఇదీ: తెలుగులో 'పడు' అంటే పైనుంచి కిందికి పడటం ఒక్కటేనట. జబ్బుపడటం, భయపడటం, ప్రేమలో పడటం, 'చేయబడినది' అనడం, ఇవన్నీ ఇంగ్లీషు 'ఫాల్'కి మక్కికి మక్కి దించినవట. పైగా 'పడు' అశుభమట, కాబట్టి ఇష్టపడు, సంతోషపడు అనకుండా అన్నిచోట్లా 'చెందు' వాడాలట. చివర ఎనిమిది దండాల బొమ్మలు.

జబ్బుపడటం ఇంగ్లీషువాడు నేర్పాడా? అంతకుముందు మనవాళ్ళెవరూ మంచాన పడలేదు కాబోలు. సరే, తర్వాతది.

'కిందికి మాత్రమే' అన్న ముక్క చూద్దాం. పోతన బలిచక్రవర్తి చేత ఏమనిపించాడు? "జీవధనము లైనఁ జెడుఁగాక పడుఁగాక, మాటఁ దిరుగలేరు మానధనులు." ఇక్కడ ప్రాణం ఏ మేడమీంచి జారింది? ఇది 15వ శతాబ్దం. అప్పటికి ఈ దేశంలో ఇంగ్లీషు బడి లేదు.

అంతకంటే వెనక్కి, 13వ శతాబ్దానికి వెళ్దాం. ఉత్తరగోగ్రహణంలో వస్తున్న అర్జునుణ్ణి తిక్కన ఆకలిగొన్న సింహంతో పోలుస్తాడు: "సింగం బాకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి..." ఆ 'చేట్పాటు'లో ఉన్న 'పాటు' ఎవరనుకుంటున్నారు? పడు బిడ్డే. దాని తోబుట్టువులు మన నోట్లో రోజూ ఆడుతుంటారు. పొరబడితే పొరపాటు, ఏర్పడితే ఏర్పాటు, అలవడితే అలవాటు, తడబడితే తడబాటు, కట్టుబడితే కట్టుబాటు, తిరగబడితే తిరుగుబాటు. ఇటువైపు భయపడు–భయపెట్టు, కష్టపడు–కష్టపెట్టు, బయటపడు–బయటపెట్టు అని జంటలు. అరువు తెచ్చుకున్న అర్థం ఇంత సంసారం పెట్టుకోదు. పోనీ పక్కింటికి వెళ్ళండి. తమిళులూ 'పయప్పడు' అంటారు, కన్నడిగులూ 'భయపడు' అనే అంటారు. అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఒకే ఇంగ్లీషు టీచర్ దగ్గర ట్యూషన్‌కి వెళ్ళారంటారా?

అసలు ఇంగ్లీషు ఫాల్‌తో 'పాలు నాకు పడవు' అనగలరా? 'ఒకటో తారీఖు జీతం పడింది', 'వాళ్ళిద్దరికీ పడదు', 'కూరలో ఉప్పు పడలేదు'? వచ్చి చేరడం, తగలడం, సరిపడటం, అనుభవించడం, అన్నీ మన 'పడు'లో ఉన్నాయి. కిందికి రావడం వాటిలో ఒకటి.

ఇక అశుభం. నన్ను ఈ రాతకి కూర్చోబెట్టింది ఇదే. మిగతావి ఎవరో తీరుబడిగా కూర్చుని అల్లిన కబుర్లు, నవ్వి ఊరుకోవచ్చు. కానీ మా మేనకోడలు ఐదో తరగతి. "కుక్కను చూసి భయపడ్డాను" అని రాస్తే వాళ్ళ టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేసి "భయము చెందితిని" అని దిద్దింది. ఎందుకని అడిగితే ఇదే మెసేజ్ చూపించింది. పదేళ్ళ పిల్ల ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న మాటను, బడిలో తప్పని నేర్చుకుని వచ్చింది. మొన్న మా అక్కతో "అమ్మా, నేను ఐస్‌క్రీమ్‌కి ఇష్టం చెందాను" అందట. మా అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గురజాడ 1910లో "ఈసురోమని మనుషులుంటే దేశ మేగతి బాగుపడునోయ్" అని రాశాడు. దేశం బాగు'పడాలి' అన్నవాడు అశుభం పలికాడా? ఇంకా ఉన్నాయి: కుదుటపడటం, స్థిరపడటం, తెరిపిన పడటం, ఒడ్డున పడటం. ఇవన్నీ మానేసి ఏం చెందమంటారు? అమ్మాయి పెళ్ళి అయిపోతే 'మూడు ముళ్ళు పడ్డాయి' అనే ముసలమ్మ నోరు మూయిస్తారా? అన్నట్టు, తరగతిలో పిల్లల్ని లేపాలంటే టీచర్లు ఏమంటారు? 'నిలబడు' అనేగా. అందులోనూ పడు ఉంది తల్లీ. రేపటి నుంచి 'నిలుపు చెందు' అనండి, క్లాసు మొత్తం కూర్చునే ఉంటుంది.

ప్రేమలో పడటం దగ్గర మాత్రం తగ్గుతున్నాను. దీన్నీ వెనకేసుకొద్దామనే మొదలుపెట్టాను. కానీ మన పాత కావ్యాల్లో నాయికలు వలచారు, మోహించారు, మరులుకొన్నారు. 'మనసు పడటం' మనదే. 'ప్రేమలో' పడటం మాత్రం, గోతిలో పడ్డట్టు ఆ 'లో' చూస్తుంటే, ఇంగ్లీషు వాసనే కొడుతోంది. మెసేజ్ రాసినాయనకి ఒక మార్కు.

'చేయబడినది'కి అరమార్కు. నేరం ఇంగ్లీషుది కాదు. 'చెప్పంబడు', 'అనంబడు' భాగవత వచనాల్లోనే ఉన్నాయి. సంస్కృతాన్ని తెలుగు చేసే పనిలో మనవాళ్ళకి అలవాటైన పోకడ అది. చిన్నయసూరి సంధిని నిర్వచించిందే "పూర్వపరస్వరంబులకుఁ బరస్వరం బేకాదేశం బగుట సంధి యనంబడు" అని. అయితే పుస్తకంలో ఉన్నంత మాత్రాన నోటికి ఎక్కాలని లేదు. 'నా చేత అన్నం తినబడింది' అని ఏ ఇంట్లోనూ అనరు. ఆఫీసు కాగితాల్లో, బోర్డుల మీద ఈ 'బడు' పురుగులా పట్టింది, ఆ చిరాకు నాకూ ఉంది. మా అపార్ట్‌మెంట్ గేటుకే వేలాడుతోంది: "ఇచ్చట వాహనములు నిలిపిన గాలి తీయబడును." తెలుగు తల్లి మీద అంత బెంగ ఉంటే గ్రూపు అడ్మిన్ గారు ముందు ఆ బోర్డు మార్పించాలి. చందా నేనూ వేస్తాను.