బీజీఎం తగ్గించండి, ఊరి మాట వినిపించండి

ఊరి సమస్యల మీద తీసే వీడియోల గురించి మీరు వేసిన వ్యాసంలో, ఉద్యమానికి ఒక్క వైరల్ వీడియో చాలని రాశారు. సగమే ఒప్పుకుంటాను. 2019లో 'సేవ్ నల్లమల' అంటూ సినిమావాళ్లు సైతం ట్వీట్లు పెట్టాక నల్లమల అడవిలో యురేనియం తవ్వకాల గొడవ నగరాల దాకా పాకింది, ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని తెలంగాణ అసెంబ్లీ తీర్మానమూ చేసింది. కాదనను. కానీ 2024 నవంబరులో మా కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల దగ్గర అదే యురేనియం వద్దంటూ జనం రోడ్డెక్కాకే ప్రభుత్వం దిగొచ్చింది. వీడియోలు ఆ జనాన్ని బయటివాళ్లకు చూపించాయి, అంతే.

ఇక మన కుర్రాళ్ల రీల్స్ చూడండి. డ్రోన్ షాటు, దాని మీద దద్దరిల్లే బీజీఎం. పాపం పెద్దాయన ఎండిన బోరు పక్కన నిలబడి ఏదో చెప్తుంటాడు, గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. ఇయర్‌ఫోన్ మైకు చొక్కాకు తగిలించినా సరిపోయేది కదా! ఊరు, మండలం, తేదీ ఏవీ ఉండవు. కొన్నాళ్లకు అదే క్లిప్ ఇంకో ఊరి పేరుతో వాట్సాప్‌లో తిరుగుతుంది. 'ఫేక్' అని కొట్టిపారేయడానికి అధికారులకు అంతకన్నా ఏం కావాలి? లైకుల లెక్క తర్వాత. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ నంబరు వీడియో కింద పెట్టండి, దానికి వచ్చిన జవాబు మీద ఇంకో వీడియో చేయండి.