హెవీ మెటల్ అని పేరు రాయించుకున్న నల్లపెట్టెకు

మహారాజశ్రీ బాస్ కంపెనీ హెచ్ఎమ్-2 గిటార్ పెడల్ గారికి,

ఉభయకుశలోపరి. నల్లటి ఒంటి మీద నారింజ రంగులో 'హెవీ మెటల్' అని హోరెత్తే రాక్ సంగీతం పేరు రాయించుకుని 1983లో జపాన్‌లో పుట్టారు తమరు. యాంప్లిఫయర్లను గోడలా పేరిస్తే వచ్చే మోతను కాలికింద ఒక్క తొక్కుడుతో ఇవ్వడం తమ ఉద్యోగం. అది తమ వల్ల కాలేదు. 1991లో తయారీ ఆపేశారు. ఇంతవరకు న్యాయమే.

అన్యాయమల్లా ఈలోపే స్టాక్‌హోమ్ కుర్రాళ్ల చేతిలో పడటం. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ అంతటివాడు తమను మర్యాదగా వాడుకుంటే, వీళ్లు లెవెల్, కలర్ మిక్స్ ఎల్, కలర్ మిక్స్ హెచ్, డిస్టార్షన్ నాలుగు నాబ్‌లనూ కుడివైపు చివరికంటా తిప్పేశారు. నిహిలిస్ట్ బృందం మొదలుపెట్టిన ఈ అఘాయిత్యం 1990లో, అందులోంచే పుట్టిన ఎంటూంబ్డ్ బృందం తొలి ఆల్బమ్‌గా బయటపడింది. గిటార్ కాదది, దుంగలో దిగిన రంపం.

తప్పు వాళ్లదే అనడానికీ లేదు. 'హెచ్' అంటే హై అనుకుంటాం కదా. తమరు పెంచేది సుమారు 1,000 హెర్ట్జ్ దగ్గరి మధ్యశ్రుతుల్ని! రంపం పళ్లు మొలిచేది అక్కడే. 'ఎల్' ఏమో 100 హెర్ట్జ్‌కి కాస్త కిందని ఉబ్బిస్తుంది. పెట్టె మీది పేరే అబద్ధమైనప్పుడు నాబ్ మీద నిజం ఉంటుందనుకోవడం మా అమాయకత్వం.

ఇప్పుడు తమ భక్తులు ఆ నాలుగు నాబ్‌లూ తిప్పి, అప్పటికే గరగరలాడుతున్న యాంప్‌లోకి తమను తోస్తారు. స్వరం స్వరంలో కలిసి బురదవుతుంది. యాంప్ దాదాపు క్లీన్‌గా ఉండాలి, గరగర తమదే కావాలి. తీగల్ని కిందికి శ్రుతి చేస్తే లావు తీగలు వెయ్యాలి, లేకపోతే గట్టిగా మీటినప్పుడల్లా స్వరం పైకెగిరి జారుతుంది. పవర్ కార్డ్, అంటే రెండే స్వరాలు కలిపి మీటడం వరకే తమరు ఓర్చుకుంటారు. నిండు కార్డ్ వాయిస్తే స్వరాలు ఒకదాన్నొకటి కొరుక్కుని, అందులో లేని స్వరాల్ని కనేస్తాయి. ఇక వాయించడం ఆపిన క్షణం వినిపించే బుస్సుకు మీటనప్పుడు శబ్దాన్ని మూసేసే నాయిస్ గేట్ ఒక్కటే మందు.

ఇంత చేసి దీనికి 'స్వీడిష్ డెత్ మెటల్' అని పేరు! పెట్టె జపాన్‌ది. హెవీ మెటల్‌లో ఉగ్రశాఖ అయిన డెత్ మెటల్ పాఠం చాలావరకు అమెరికాలోని ఫ్లోరిడాది. డ్రమ్స్ మీద పరుగెత్తే డీ-బీట్ అనే లయ ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్ పంక్ బృందం డిస్చార్జ్‌ది. డీ అన్న అక్షరం కూడా వాళ్లదే. ఆంటీ సిమెక్స్, మాబ్ 47 లాంటి స్వీడన్ పంకులు దాన్ని ముందే ఇంటికి తెచ్చుకున్నారు. ఎంటూంబ్డ్ ఆల్బమ్ విడుదల చేసింది మళ్లీ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కంపెనీ ఇయరేక్. స్వీడన్ వాటా ఏమిటయ్యా అంటే థామస్ స్కోగ్స్‌బర్గ్ నడిపిన సన్‌లైట్ స్టూడియో, కుర్రాళ్ల మొండితనం. అయితే మిగతా సరుకు అన్నిచోట్లా దొరికేదే. ఆ మొండితనమే దొరకదు. కాబట్టి పేరు వాళ్లకే ఇచ్చేద్దాం.

తమరు అక్కడితో ఆగారా? అమెరికా హార్డ్‌కోర్ పంక్ వాళ్ల కాళ్లకిందికీ చేరారు. మసాచుసెట్స్‌లోని సేలంలో కర్ట్ బాలూ స్టూడియో నుంచి ట్రాప్ దెమ్, నెయిల్స్ అనే బృందాలవాళ్లు ఆ రంపాన్నే పట్టుకుని వచ్చారు. స్టోక్ నుంచి స్వీడన్ వెళ్లిన పంక్, మెటల్ వేషం కట్టి, అట్లాంటిక్ దాటి మళ్లీ పంకుల ఇంట్లోనే దిగిందన్నమాట. చివరికి 2020లో తమ కంపెనీవారే తమను తిరిగి తయారుచేశారు. వద్దనుకున్న బిడ్డకు పట్టాభిషేకం!

ఒక్క విన్నపం. తమ పాతతరం పెడళ్లలో చాలావాటికి ఏసీఏ అనే పాత రకం కరెంటు అడాప్టర్ కావాలి. ఇప్పటి 9 వోల్టులది ఒక్కటే తగిలిస్తే లైటు మినుకుమంటుంది, మోత నీరసిస్తుంది. ఆ నీరసానికి ఎవరో మెటల్‌లో కొత్త ఉపశాఖ అని నామకరణం చేసేలోపు, ఆ సంగతి పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయించగలరు.

చిత్తగించవలెను.