అప్పులిచ్చినవాళ్లందరూ ఒక్కచోట కూర్చునేదెక్కడ?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అప్పుల మీద జరిగే చర్చ చాలావరకు మాఫీ దగ్గరో వసూలు దగ్గరో ఆగిపోతుంది. 2024 జూలై, ఆగస్టు నెలల్లో మూడు విడతలుగా 2 లక్షల రూపాయల వరకు పంట రుణాలు మాఫీ అయినప్పుడు ఊళ్లలో మాట్లాడుకున్నదంతా ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, రేషన్ కార్డుకూ దానికీ సంబంధమేమిటన్నదే. అర్హత ఉన్నవారికి అది పెద్ద ఊరట, కాదనలేం. కానీ ఎరువుల దుకాణంలో ఖాతా, ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన సొమ్ము, మైక్రోఫైనాన్స్ కిస్తీ, బిడ్డ పెళ్లికి ఎత్తిన చిట్టీ బాకీ మాఫీ జాబితాలో ఉండవు. మనిషిని ఊరు విడిచిపోయేలా చేసేవి ఎక్కువగా అవే. అప్పున్న మనిషి తన ఆదాయం, ఆస్తి, బాకీలు దాచకుండా కాగితం మీద పెట్టి, అప్పులిచ్చినవాళ్లందరినీ పిలిచి, ఇన్నేళ్లలో ఇంత కడతానని అందరికీ వర్తించే ఒప్పందం చేసుకునే పద్ధతి ఒకటి ఉంది. అది చట్టంలో కనిపిస్తుంది గానీ మన జిల్లాల్లో అడుగు పెట్టలేదు.

లెక్క వేసి చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. దేవరకొండ వైపు నాలుగెకరాల బత్తాయి తోట ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. బోర్లు ఎండిపోయి, కొత్త బోర్ల కోసం 3 లక్షలు ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారు. నోటుకు మూడేళ్లే కాలపరిమితి కాబట్టి, గడువు తీరేలోగా మిత్తి 2,16,000 కలిపి 5,16,000కు కొత్త నోటు రాయించుకున్నారు. తిరగరాసిన ఆ ఒక్క సంతకంతో నెల మిత్తి 6,000 నుంచి 10,320కి ఎగబాకింది. బ్యాంకులో పంట రుణం 1,60,000, ఎరువుల దుకాణంలో 1,20,000, మైక్రోఫైనాన్స్‌లో 80,000 కలిపితే మొత్తం 8,76,000. ఇల్లు గడవగా ఏడాదికి 1,20,000 మిగులుతుందనుకుంటే, నోటు మీద ఏడాది మిత్తే 1,23,840. అంటే మిగిలిందంతా తెచ్చి ఒక్క అప్పుకే పోసినా అసలులో రూపాయి తగ్గదు, మిగతా ముగ్గురికి పైసా అందదు. ఇక్కడ కష్టపడి కట్టడమన్న మాటకు అర్థం లేదు. బాకీ తీర్చే ఉద్దేశం ఎంత ఉన్నా ఈ లెక్కలో తీరదు.

ఇవే అంకెలను ఒక ప్రణాళికగా మారిస్తే ఏమవుతుంది? మిత్తి అక్కడికి ఆపేసి, ఏటా 1,20,000 చొప్పున ఐదేళ్లు కడితే 6 లక్షలు. అందరికీ బాకీ దామాషాలో పంచితే రూపాయికి 68 పైసలు వస్తాయి. నోటున్న వ్యక్తికి దాదాపు 3,53,000 దక్కుతుంది, తాను మొదట చేతిలో పెట్టిన 3 లక్షలకు అది కొంచెం ఎక్కువే. బ్యాంకుకు 1,09,000 పైచిలుకు వస్తుంది. ఎవరికీ పూర్తిగా రాదు, ఎవరూ పూర్తిగా మునగరు. ఇది జరగాలంటే అందరూ ఒకేసారి ఒప్పుకోవాలి, లేదా ఎక్కువమంది ఒప్పుకున్నది మిగిలినవారిని కట్టిపడేయాలి. చిక్కంతా అక్కడే ఉంది.

నిజానికి ఈ ఆలోచన ఊళ్లకు కొత్తది కాదు. ఎవరైనా వ్యాపారి చేతులెత్తేసినప్పుడో, ఇంటి పెద్ద అర్ధాంతరంగా పోయినప్పుడో పెద్దమనుషులు కూర్చుని, ఉన్న పొలమో ప్లాటో అమ్మించి, రూపాయికి అర్ధరూపాయో పావలానో అని తేల్చి అందరికీ పంచి, నోట్లు చింపించిన పంచాయతీలు ఈ ప్రాంతంలో ఎన్నో జరిగాయి. కులం, పలుకుబడి చూసి తీర్పు వంగడం అందులో ఉన్న పెద్ద లోపం, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ అప్పులవాళ్లనందరినీ ఒక్కచోట చేర్చాలన్న తెలివి అందులో ఉంది. ఆ పంచాయతీకి బ్యాంకు మేనేజరు రాడు, మైక్రోఫైనాన్స్ ఏజెంటు రాడు. వాళ్లకు ఊరి తీర్పు వర్తించదు. బ్యాంకులు వచ్చే చోటికేమో ఊళ్లోని నోటు అప్పులవాళ్లను పిలిచేవారు లేరు. సగం అప్పు ఒక వేదిక మీద, సగం అప్పు ఇంకో వేదిక మీద తేల్చుకునే మనిషి రెండు చోట్లా అవే పైసలు చూపించి రెండు మాటలిస్తాడు.

బ్యాంకుల వన్‌టైమ్ సెటిల్‌మెంట్, అంటే కొంత రాయితీతో మిగతాది కట్టించుకుని ఖాతా మూసే రాజీ, దాని సంగతే తీసుకుందాం. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రాజీ కుదిరిన మొత్తం చెల్లించడానికి మూడు నెలల కంటే ఎక్కువ గడువిస్తే బ్యాంకు దాన్ని రుణ పునర్వ్యవస్థీకరణగా, అంటే పాత అప్పుకే షరతులు మార్చి ఇచ్చినట్టుగా, లెక్కించాలి. ఆ లెక్కలోకి పోకుండా ఉండటానికే రాజీ అనగానే బ్యాంకు వారు కొద్దివారాల్లో మొత్తం కట్టమంటారు. ఆ మొత్తం రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? మళ్లీ ఊళ్లోనే నూటికి రెండుకో మూడుకో తెస్తాడు. బ్యాంకు పుస్తకంలో ఖాతా మూసినట్టు, రాయితీ ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఇంట్లో మాత్రం ఏడెనిమిది శాతం అప్పు పోయి ఇరవై నాలుగు శాతం అప్పు వచ్చి కూర్చుంటుంది. పైగా క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా 'సెటిల్డ్' అని నమోదై, పూర్తిగా కట్టి మూసిన ఖాతాతో సమానంగా కనిపించదు. మరో బ్యాంకు ఆ మాట చూసి వెనక్కి తగ్గుతుంది. రాయితీ శాతం ఎంత పెద్దదైనా, చేతిలో సొంత సొమ్ము లేకుండా చేసే సెటిల్‌మెంట్ అప్పును తీర్చడం లేదు, చేతులు మారుస్తోందన్నది నా అభిప్రాయం.

లోక్ అదాలత్ ఇంతకంటే మేలైన చోటు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు, పెండింగ్ కేసైతే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. కోర్టులో కేసు పడకముందే కూడా అర్జీ పెట్టుకోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కిస్తీల మీద రాజీ రాయించుకోవచ్చు. ఇంత ఉన్నా లోక్ అదాలత్‌లో జరిగేది ఇద్దరి మధ్య రాజీ. ఒప్పుకోని మూడోవాడిని అది కట్టిపడేయలేదు. బ్యాంకుతో నెలకు ఇంత అని డిక్రీ అయిన మరుసటి నెలే నోటున్న వ్యక్తి దావా వేస్తే, రెండు డిక్రీలూ ఒకే ఆదాయం మీద పడతాయి.

ఐపీ, అంటే దివాలా పిటిషన్, అన్న మాట వింటేనే మన దగ్గర మొహాలు ముడుచుకుంటాయి. చిట్టీలు నడిపినవాడు ఆస్తులు భార్య పేరిట, బావమరిది పేరిట రాసి కోర్టులో ఐపీ పెట్టాడన్న కథ ప్రతి పట్టణంలోనూ ఉంది. ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. అయితే ఆ పిటిషన్లకు ఆధారమైన 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టాన్ని ఒకసారి తెరిచి చూస్తే, అందులో ఎగవేతకు ఉన్నంత చోటే రాజీకీ ఉంది. దివాలా ప్రకటన తర్వాత బాకీదారు ఒక చెల్లింపు ప్రతిపాదన పెట్టవచ్చు. రుజువైన బాకీలున్నవారిలో సంఖ్యలో మెజారిటీ, విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకుని కోర్టు ఆమోదిస్తే అది అందరికీ వర్తిస్తుంది. బాకీదారు నడవడిలో తప్పులు తేలిన సందర్భాల్లో రూపాయికి కనీసం ఆరణాలకు, అంటే ముప్పై ఏడున్నర పైసలకు, హామీ చూపకపోతే కోర్టు దాన్ని ఆమోదించకూడదు. అణాలు పోయి ఆరున్నర దశాబ్దాలు దాటినా ఆ చట్టం ఇంకా అణాల్లోనే లెక్క చెబుతోంది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు ఊరికే రాసిచ్చిన ఆస్తులను, మూడు నెలల్లోపు ఒక్కరికే పక్షపాతంగా కట్టిన సొమ్మును రద్దు చేయించే సెక్షన్లూ అందులోనే ఉన్నాయి. అప్పులిచ్చినవాళ్లు వాటిని వాడుకోవడం అరుదు, నోటీసు రాగానే సొమ్ము పోయినట్టేనని వదిలేస్తారు. దివాలా ప్రకటన వచ్చాక గడువులోగా విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేయాలని, లేకుంటే ఆ ప్రకటనే రద్దవుతుందని బాకీదారుల్లోనూ చాలామందికి తెలియదు. ఖాళీ చెక్కులు హామీగా ఇచ్చినవారికి ఇంకో ప్రమాదం ఉంది. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, ఐపీ దాన్ని ఆపదు.

ఈ పాత చట్టం స్థానంలో రావాల్సిందే 2016 నాటి దివాలా స్మృతి. కంపెనీల విషయంలో అది ఎంత చర్చకు వచ్చిందో అందరూ చూశారు. అదే స్మృతిలో మూడో భాగం వ్యక్తుల కోసం రాసినది. బాకీదారు రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా వ్యవహారాలు చూసే నిపుణుడు) సాయంతో చెల్లింపు ప్రణాళిక తయారు చేస్తాడు, అర్జీ విచారణకు స్వీకరించాక 180 రోజుల వరకు వసూలు చర్యలు ఆగుతాయి, ఓటు వేసినవారిలో విలువ ప్రకారం నాలుగింట మూడొంతులకు మించి ఒప్పుకుంటే ప్రణాళిక నిలుస్తుంది. ఇంగ్లండ్‌లో 1986 చట్టం కింద నడుస్తున్న స్వచ్ఛంద ఒప్పందాల పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. మన బత్తాయి రైతు లెక్కకు దీన్ని వర్తింపజేస్తే, నోటున్న వ్యక్తీ బ్యాంకూ కలిస్తే 77 శాతం. ఆ ఇద్దరూ సరేనంటే ఎరువుల దుకాణం, మైక్రోఫైనాన్స్ కూడా ఒప్పందంలోకి వస్తాయి. నోటున్న వ్యక్తి ఒక్కడు కాదంటే మాత్రం ఏదీ కదలదు, ఎందుకంటే 59 శాతం బాకీ అతనిదే.

కానీ ఈ భాగం 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఉన్నవారికి మాత్రమే అమల్లోకి వచ్చింది. సామాన్యుడికి ఇంకా రాలేదు. రేపు వచ్చినా ఆ రాత ఈ ప్రాంతానికి అతకదు. నిరుపేదల అప్పు పూర్తిగా రద్దు చేసే వెసులుబాటు ఒకటి అందులో ఉంది. దానికి ఏడాది ఆదాయం 60,000 మించకూడదు, ఆస్తి విలువ 20,000 మించకూడదు, అప్పు 35,000 మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. రోజుకు 300 కూలితో 200 రోజులు పని దొరికితే ఆదాయం హద్దుకు చేరినట్టే. ఇందిరమ్మ ఇల్లు ఉన్నవాడు మొదటే అనర్హుడు. ఇక అర్జీ పెట్టాల్సింది రుణ వసూలు ట్రిబ్యునల్‌లో, అంటే హైదరాబాద్‌లో. అచ్చంపేట నుంచో అలంపూర్ నుంచో లాయరు ఖర్చు పెట్టుకుని అక్కడికి తిరిగే స్థోమత ఉన్నవాడికి ఈ ఇబ్బందే రాదు.

అప్పిచ్చినవాడి వైపు నుంచి కూడా చూడాలి. మన చర్చల్లో వడ్డీ వ్యాపారి ఎప్పుడూ దుర్మార్గుడిగానే కనిపిస్తాడు. వారిలో నిజంగా అలాంటివారు ఉన్నారు. కానీ నల్లగొండలోనో వనపర్తిలోనో నూటికి రెండుకు డబ్బు తిప్పేవారిలో రిటైరైన టీచర్లు, భర్త పోయాక వచ్చిన సొమ్మును నమ్ముకున్న ఆడవాళ్లు, భూమి అమ్మిన డబ్బు చేతిలో ఉన్న రైతులూ ఉన్నారు. మిత్తి ఆపమంటే వాళ్ల ఇల్లూ ఇబ్బందిలో పడుతుంది. అందుకే ఈ ఒప్పందాల్లో వాళ్లకూ ఓటుండాలి, లెక్కలు అడిగే హక్కుండాలి, బాకీదారు ఆస్తి దాస్తే ఒప్పందం రద్దవ్వాలి. బ్యాంకులు తరచూ చెప్పే అభ్యంతరం, ఇలాంటి పద్ధతి వస్తే కట్టగలిగినవాడూ కట్టడం మానేస్తాడన్నది. ఆదాయమూ ఆస్తీ బయటపెట్టి ఐదేళ్లు పర్యవేక్షణలో కట్టాల్సిన ఒప్పందం కంటే, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని మాఫీ కోసం ఎదురుచూడటమే ఆ అలవాటును పెంచుతుందని నాకనిపిస్తుంది. అయితే ఒక్క బాకీని మాత్రం జాబితాలోకే రానివ్వకూడదు. పాలమూరు వలస కూలీలకు మేస్త్రీ అడ్వాన్సిచ్చి, అది తీరేదాకా వేరే పనికి పోకుండా కట్టేసుకుంటే, 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టం ప్రకారం అది బాకీ కానే కాదు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, ఒక్కో అప్పును విడివిడిగా కాకుండా ఒకే బాకీదారు అప్పులన్నిటినీ కలిపి విచారించే అధికారం, మూడొంతుల మెజారిటీని అందరికీ వర్తింపజేసే అధికారం ఇవ్వాలి. చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం రాష్ట్రం 2016లోనే రుణ విముక్తి కమిషన్ చట్టం చేసుకుంది కాబట్టి, చిన్నవారి అప్పుల మీద చట్టం చేయడం మనకు కొత్త కాదు. కేంద్రం మూడో భాగాన్ని అమలు చేసేటప్పుడు ట్రిబ్యునల్‌కు బదులు జిల్లా కోర్టును పెట్టమని రాష్ట్రం గట్టిగా అడగవచ్చు. అప్పటిదాకా చేయగలిగింది తక్కువే గానీ శూన్యం కాదు. అన్ని బాకీల జాబితా, నోట్ల నకళ్లు, వాటి వెనుక కట్టినట్టు రాసుకున్న చెల్లుల లెక్క తీసుకుని సంస్థకు వెళ్లి, బ్యాంకునూ ప్రైవేటు అప్పులవాళ్లనూ ఒకే రోజుకు పిలవమని అర్జీలో అడగవచ్చు. వాళ్లు రావాలన్న బలవంతం లేదు. అయినా ఒకే రోజు అందరి లెక్కా అందరికీ తెలిస్తే, తానొక్కడే ముందు లాక్కోవాలన్న తొందర కొంత తగ్గుతుంది.

కిస్తీ తేదీల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఒప్పందం కాగితం మీద నెల నెలా అని రాసేస్తారు. పత్తి డబ్బు నవంబర్ నుంచి జనవరిలోపు వస్తుంది, యాసంగి వరి డబ్బు మే దాటాక వస్తుంది. నెల కిస్తీ పెట్టుకున్న రైతు జూన్‌లో విత్తనానికీ కిస్తీకీ కలిపి మళ్లీ అప్పు చేస్తాడు. పంట పోయిన ఏడాది ఏం చేయాలన్నదీ ముందే రాసుకోవాలి. ప్రకృతి వైపరీత్యంలో పంట నష్టం 33 నుంచి 50 శాతం ఉంటే రెండేళ్ల వరకు, 50 శాతం లేదా అంతకు మించితే ఐదేళ్ల వరకు గడువు పొడిగించవచ్చని రిజర్వు బ్యాంకు తన నిబంధనల్లో బ్యాంకులకు చెప్పింది. అదే వెసులుబాటును నోటు అప్పుకూ, ఎరువుల ఖాతాకూ వర్తింపజేస్తూ ఒప్పందంలో ఒక వాక్యం చేర్చుకోవడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు, సంతకం పెట్టేవాళ్లు ఒప్పుకుంటే చాలు.