రొటీన్ అయితే ముందే చెప్పరేం?

డిశ్చార్జి కౌంటర్ దగ్గర బిల్లు చూసుకుంటున్న తండ్రికి అందులో 'బయాప్సీ' అన్న మాట కనబడింది. మత్తు పూర్తిగా వదలని ఎనిమిదేళ్ల కొడుకు తల్లి భుజం మీద తూగుతున్నాడు. నెలల తరబడి కడుపునొప్పి అంటున్నాడని ఎండోస్కోపీకి తెచ్చారు. అంతా నార్మల్‌గా ఉందని డాక్టర్ చెప్పారు. మరి పరీక్షకని లోపలి పొర నుంచి ముక్క ఎందుకు తీసినట్టు? కౌంటర్‌లో అమ్మాయికి తెలియదు. 'అది రొటీనేనండీ' అంది నర్సు. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఆ కుటుంబానికి ఇచ్చిన వివరణ అంతే. రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంట్లో కంటి మీద కునుకు లేదు. మన ఇళ్లల్లో బయాప్సీ అంటే క్యాన్సర్ టెస్టే మరి.

బయాప్సీని తప్పుపట్టడం లేదు. కంటికి బాగానే కనిపించే పొరలో కూడా జబ్బు దాగి ఉంటుంది. ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అన్నవాహిక జబ్బు తేలాలంటే మైక్రోస్కోపులో ఒకసారి కనబడే మేరలో (ఫీల్డు), ఒక్క చోటైనా కనీసం 15 ఈసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు కనపడాలి. అందుకే వేర్వేరు చోట్ల నుంచి కనీసం 6 తునకలు తీయమంటారు. ఇప్పుడు వదిలేసి, మళ్లీ అదే పిల్లాడికి మత్తివ్వడం ఇంకా అన్యాయం. ఇదంతా ఒప్పుకుంటాం.

కానీ, రొటీన్ అంటే ముందే తెలిసిన పని అనేగా! లోపలికి వెళ్లాక తోచింది కాదు, అత్యవసరం అంతకన్నా కాదు. ముందే తెలిసిన పనిని ముందే చెప్పడానికి అడ్డేమిటి? పైగా ఆ రొటీన్ కూడా అందరికీ ఒకటే కాదు. గోధుమ పడని సీలియాక్ జబ్బులో, రక్తపరీక్షలో యాంటీబాడీలు పరిమితికి 10 రెట్లు దాటి, రెండో పరీక్ష కూడా ధ్రువీకరిస్తే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చని యూరప్ పిల్లల వైద్య నిపుణులు 2020లోనే చెప్పారు. అంటే ఏ బిడ్డకు ఎందుకు తీస్తున్నారో చెప్పాల్సిందే. 'రొటీన్' అనేది జవాబు కాదు.

ముందే చెబితే తల్లిదండ్రులు భయపడతారని, రద్దీ ఓపీలో టైమ్ ఉండదని డాక్టర్లు అంటారు. చెప్పకుండా బిల్లులో చూపిస్తే భయపడరా? సమ్మతి అంటే తగిన సమాచారం ఇచ్చాక తీసుకునేదేనని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. థియేటర్ తలుపు దగ్గర, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని, ఇంగ్లిష్ ఫారం మీద చూపించినచోటల్లా పెట్టిన సంతకం ఆ లెక్కలోకి వస్తుందా? ఇవాళ తునకకు చెల్లిన 'రొటీన్' రేపు ఇంకో పరీక్షకూ, ఆపై ఇంకో మందుకూ చెల్లుతుంది. మా ఆందోళన అదే.

రాష్ట్ర వైద్యారోగ్య శాఖ వెంటనే కదలాలి. సమ్మతి పత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి. బయాప్సీ తీస్తారా, ఎందుకు, సుమారు ఎన్ని తునకలు, ఖర్చెంత అన్నది అందులో విడిగా రాయాలి. అదీ అడ్మిషన్‌కు ముందే, కూర్చోబెట్టి చదివి చెప్పాలి.

తునకను భద్రపరిచే ఫార్మలిన్ సీసా మీద బిడ్డ పేరు, వయసు, తునక ఎక్కడ తీసిందీ పొల్లుపోకుండా రాస్తున్నారు. బయట బెంచీ మీద పరగడుపు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి అదే సంగతి రెండు నిమిషాలు చెప్పడానికి మీకు తీరిక లేదా?