సవరణ: శారద గారి పోస్టులో రెండు తప్పులు

నిన్న నటి ఊర్వశి శారద గారి గురించి రాస్తూ మూడు నేషనల్ అవార్డులూ మలయాళం సినిమాలకే వచ్చాయి, తర్వాత రాజ్యసభకి వెళ్లారు అని రాసేశా, రెండూ తప్పేనండీ. తులాభారం, స్వయంవరం మలయాళమే గానీ మూడోది మన తెలుగు సినిమా "నిమజ్జనం"కి వచ్చింది, అసలు మర్చిపోకూడనిదే అది మర్చిపోయా. ఇక రాజ్యసభ కాదు, 1996లో సొంతూరు తెనాలి నుంచే టీడీపీ తరఫున లోక్‌సభకి గెలిచారు. ఇక్కడ చెన్నై టీనగర్‌లో మా పక్కింటి బామ్మగారిదీ తెనాలే, వత్తులు చేసుకుంటూ నా పోస్టు చదివించుకుని, పత్తి పక్కన పడేసి "మా ఊరి పిల్లకి క్యూలో నిలబడి ఓటేసొచ్చానురా నేను, ఊరికే పంపించారనుకున్నావా?" అని కడిగేసింది. పాత పోస్టులో రెండూ మార్చేశా, బామ్మగారికి మళ్లీ చదివి వినిపించాలి.